మిరియాన్ని ఎప్పుడు పగలగొట్టాలి?

ఒక మిరియపు గింజ నోట్లో వేసుకుని, కొరక్కుండా, నాలుక మీద అటూ ఇటూ దొర్లించి చూడండి. నిమిషం గడిచినా పెద్దగా ఏమీ జరగదు. పైతోలు ముడతలు నాలుకకు తగులుతాయి, కాస్త వగరు తెలుస్తుంది, అంతే. ఇప్పుడు కొరకండి. ముందుగా ముక్కులోకి వాసన కొడుతుంది. అందులో నిమ్మతొక్క ఉన్నట్టుంటుంది, అప్పుడే చెక్కిన కలప ఉన్నట్టుంటుంది. ఆ వెనకాలే, ఒకటి రెండు సెకన్ల ఆలస్యంగా, నాలుక కొస నుంచి గొంతు దాకా మంట. వాసన వచ్చినంత తొందరగానూ పోతుంది. మంట మాత్రం చాలాసేపు కూర్చుంటుంది.

ఈ రెండూ ఒకే పదార్థం చేసే పనులు కావు. వాసన ఒక జాతి రసాయనాల వల్ల వస్తుంది, ఘాటు ఇంకో జాతి వల్ల వస్తుంది. మొదటివి గాలి తగిలితే చాలు, ఎగిరిపోతాయి. రెండోవి ఉడికించినా కదలవు. కూరలో మిరియాలు గింజలుగానే వెయ్యాలా, కచ్చాపచ్చాగా దంచి వెయ్యాలా, మెత్తటి పొడి చల్లాలా, అదీ పొయ్యి మీద ఉండగానా, దించాకనా అన్న వంటింటి వాదనలన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి.

మిరియపు గింజ అంటాం గానీ అది నిజానికి ఒంటి విత్తనపు పండు. పైపర్ నైగ్రమ్ అనే తీగకు కాస్తుంది. పడమటి కనుమలు దాని పుట్టిల్లు. తమలపాకు తీగ, పిప్పలి తీగ దానికి అక్కచెల్లెళ్ళు. తమలపాకు తోట చూసినవాళ్ళు మిరియాల తీగను ఎక్కడ చూసినా ఆకును బట్టి పోల్చుకుంటారు. మన వైపు దాన్ని చూడాలంటే పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లోకి వెళ్ళాలి. అక్కడి గిరిజన రైతులు కాఫీ మొక్కలకు నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగ పాకిస్తారు. కింద కాఫీ, మీద మిరియం, ఒకే చెక్క నేల మీద రెండు పంటలు. కాయలు సన్నటి కంకులుగా వేలాడతాయి. కంకిలో ఒకటి రెండు కాయలు రంగు తిరగ్గానే మొత్తం కంకి కోసేస్తారు. మిగతావన్నీ అప్పటికి పచ్చివే.

ఆ పచ్చి కాయ నల్ల మిరియం అయ్యేది ఎండలో. కంకుల నుంచి రాల్చిన కాయల్ని కొందరు ఒక్క నిమిషం మరిగే నీళ్ళలో ముంచి తీస్తారు. దాంతో తోలులోని కణాలు చితికి, లోపలి ఎంజైములు ఫినాల్ పదార్థాలతో కలుస్తాయి. కోసి పెట్టిన వంకాయ ముక్క నల్లబడేది కూడా ఇదే తరహా చర్యతో. టార్పాలిన్ల మీద కొన్నాళ్ళు ఎండేసరికి తోలు ముడుచుకుని నల్లగా గట్టిపడుతుంది. మూడు కిలోల పచ్చి కాయ ఎండితే సుమారు కిలో మిరియం మిగులుతుంది. ఆ గట్టి తోలే లోపలి నూనెలకు మూత. సరిగా ఎండిన గింజ పొడి చోట, చీకట్లో ఉంటే ఏళ్ళ తరబడి చెడదు.

తెల్ల మిరియాలు వేరే మొక్క నుంచి రావు. బాగా పండిన కాయల్ని రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, మెత్తబడిన తోలును రుద్ది తీసేస్తే లోపల మిగిలేదే తెల్ల మిరియం. తోలు పోయినా దాని ఘాటు తగ్గదు. వాసన తగ్గుతుంది. పైగా నానినప్పటి పులిసిన వాసన, ఒక్కోసారి పశువుల కొట్టం వాసన, దానికి అంటుకుంటుంది. తెల్లటి సాసులో నల్ల చుక్కలు కనబడకూడదనుకునే ఐరోపా వంటవాళ్ళకూ, చైనా వాళ్ళ పుల్లకారపు సూపుకూ అది కావాలి. మన వంటల్లో దాన్ని నల్ల మిరియానికి బదులు వాడటానికి నాకు కారణమేదీ కనిపించదు.

ఘాటు సంగతికి వద్దాం. మిరియంలోని ఘాటుకు మూలం పైపరిన్ అనే ఆల్కలాయిడ్. దాన్ని 1819లో వేరుచేసింది డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ అయర్‌స్టెడ్. మరుసటి ఏడే, తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని లోకానికి చూపించినాయన కూడా ఆయనే. భౌతికశాస్త్రం పుస్తకాల్లో ఆయన పేరు చదువుకున్న మనకు మిరియాల సంగతి ఎవరూ చెప్పలేదు. గింజ బరువులో పైపరిన్ నూటికి సుమారు 5 నుంచి 9 పాళ్ళు. విడిగా తీస్తే లేత పసుపు స్ఫటికాలుగా ఉంటుంది. 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. వాసన నూనెల్లా ఎగిరిపోయే రకం కాదు, కాబట్టి 100 డిగ్రీల దగ్గర మరిగే చారులోంచి ఆవిరితో పాటు వెళ్ళిపోదు.

ఆ పైపరిన్ నాలుక మీద రుచిమొగ్గల్ని తాకి ఊరుకోదు. నొప్పిని, వేడిని పసిగట్టే నరాల కొసల్ని తాకుతుంది. వాటి మీద ఉండే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీనును 1997లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయ ఘాటు ఆధారంగా కనిపెట్టింది. ఆ పరిశోధన జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా తెచ్చిపెట్టింది. ఆ ప్రోటీను ఒక ద్వారం లాంటిది, సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకుంటుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా, మిరియంలోని పైపరిన్ తగిలినా తెరుచుకుంటుంది. ఎవరు తట్టారో మెదడుకు తెలియదు, కాలిందనే అనుకుంటుంది. పొగలు కక్కే చారులో వేడి, పైపరిన్ రెండూ కలిసి ఒకే తలుపు తడతాయి. అదే చారు చల్లారాక తాగితే సగం ఘాటు ఎక్కడికో పోయినట్టుండటం అందుకే. క్యాప్సైసిన్‌తో పోలిస్తే పైపరిన్ బలం దాదాపు నూరో వంతు. పోర్చుగీసువాళ్ళ వెంట మిరపకాయ ఈ దేశానికి వచ్చిన తరవాత కారం పీట మిరియానికి దక్కకుండా పోవడంలో ఆశ్చర్యం లేదు. తక్కువ ఖర్చుతో ఎక్కువ మంట, అదీ పెరట్లోనే పండుతుంది.

పైపరిన్ నీళ్ళలో దాదాపు కరగదు. గది వేడిమిలో లీటరు నీళ్ళు 40 మిల్లీగ్రాముల పైపరిన్‌ను మాత్రమే కరిగించుకోగలవు. చెంచాడు మిరియాల పొడి బరువు రెండు గ్రాముల పైమాటే, అంటే అందులో నూరు మిల్లీగ్రాములకు తక్కువ కాకుండా పైపరిన్ ఉంటుంది. లీటరు చారులో ఆ పొడి వేస్తే వేడి మీద కొంత ఎక్కువ కరగొచ్చు గానీ, మిగతాది నలుసుల్లోనే ఉండిపోతుంది. నలుసులు అడుగుకు దిగుతాయి. పైతేట పోయించుకున్నవాళ్ళు చారు చప్పగా ఉందనీ, ఆఖర్న కూర్చున్నవాళ్ళు గొంతు మండిందనీ అనడం వడ్డించిన వాళ్ళ తప్పు కాదు. గరిటె అడుగుదాకా తిప్పి పొయ్యాలి. నెయ్యిలో, నూనెలో మాత్రం పైపరిన్ చక్కగా కరుగుతుంది. మిరియాల పాలల్లో వెన్న తియ్యని పాలే బాగుండటానికీ, నేతి పోపులో వేగిన మిరియం పొంగలి మొత్తానికి ఘాటు పంచడానికీ కారణం అదే.

ఇక వాసన. గింజ బరువులో నూటికి సుమారు 2 నుంచి 4 పాళ్ళు ఆవిరయ్యే నూనె ఉంటుంది. అందులో పైనీన్, సబినీన్, లిమోనీన్, కారియోఫిలీన్ లాంటి టెర్పీన్లు ముఖ్యం. పైనీన్ పైన్ చెట్ల జిగురులో ఉండేదే, లిమోనీన్ నారింజ తొక్కలో ఉండేదే. వీటిలో తేలికవాటికి ఎగిరిపోవడానికి పొయ్యి అక్కర్లేదు, గాలి చాలు. నీళ్ళతో కలిసి మరిగితే ఆవిరి వాటిని ఇంకా తొందరగా మోసుకుపోతుంది. మిరియాల నూనె తీసే కర్మాగారాల్లో చేసేది సరిగ్గా ఇదే. నలిపిన మిరియాల గుండా ఆవిరి పంపి, దాన్ని చల్లార్చి, పైన తేలిన నూనె పట్టుకుంటారు. మూత లేకుండా అరగంట మరిగిన మిరియాల చారులో కూడా అదే పని జరుగుతుంది, చల్లార్చి పట్టుకునేవాళ్ళు మాత్రం ఉండరు. వీధి చివరిదాకా ఘుమఘుమ వస్తోందంటే ఆ వాసన గిన్నెలోంచి వెళ్ళిపోతోందన్నమాట. పొంగు రాగానే చారు దించెయ్యమని పెద్దవాళ్ళు పట్టుబట్టడంలో ఉన్న విషయం ఇది. చింతపండు రసం, టమాటా ఎంతసేపు కావాలంటే అంతసేపు మరగొచ్చు. దంచిన మిరియం, జీలకర్ర మాత్రం చివర్న పడాలి, ఒక పొంగు చూడాలి, మూత పడాలి.

దంచినప్పుడు ఏం మారుతుందో లెక్క వేసి చూద్దాం. మిరియం 5 మిల్లీమీటర్ల గుండ్రటి గోళం అనుకుందాం. దాని ఉపరితలం సుమారు 79 చదరపు మిల్లీమీటర్లు. అదే గింజను అర మిల్లీమీటరు నలుసులుగా చితకగొడితే వెయ్యి నలుసులు వస్తాయి, మొత్తం ఉపరితలం పది రెట్లవుతుంది. ఇంకా మెత్తగా, మిల్లీమీటరులో పదో వంతు పొడిగా చేస్తే నలుసులు లక్షా పాతిక వేలు, ఉపరితలం యాభై రెట్లు, అంటే దాదాపు 39 చదరపు సెంటీమీటర్లు. ఒక్క గింజకే ఇది. అంత ఉపరితలం నుంచి నూనెలు ఒక్కసారిగా బయటికి వస్తాయి. మెత్తటి పొడి చల్లిన మరుక్షణం ముక్కుపుటాలు అదరడం ఇందుకే. సీసాలో పోసిన పొడి కొన్ని వారాలకే కొయ్యపొట్టు వాసన వెయ్యడం కూడా ఇందుకే. ఘాటు నిలుస్తుంది గనక పొడి బాగానే ఉందని అనుకుంటాం. ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది.

ఘాటు కూడా శాశ్వతం కాదు, దానికి శత్రువు వెలుతురు. పైపరిన్ అణువులో ఉన్న జంట బంధాలు వెలుగు తగిలితే మెలి తిరిగి ఆకారం మార్చుకుంటాయి. అణువులో ఉన్నవి అవే పరమాణువులు, కానీ మెలి తిరిగిన రూపానికి నాలుక మీద చెప్పుకోదగ్గ ఘాటు ఉండదు. హోటల్లో కిటికీ పక్క బల్ల మీద గాజు సీసాలో నెలల తరబడి నిలబడి ఉన్న మిరియాల పొడిని ఆమ్లెట్ మీద ఎంత దులిపినా ఏమీ తెలియకపోవడం చూసే ఉంటారు. వాసన గాలికి పోయింది, ఘాటు ఎండకు పోయింది, మిగిలింది నల్లటి దుమ్ము.

మిల్లులో ఆడించేటప్పుడే సగం నష్టం జరిగిపోతుంది. గింజ గట్టిది, రాపిడికి వేడెక్కుతుంది, ఆ వేడికి తేలిక నూనెలు మొదట లేస్తాయి. పెద్ద ఎత్తున మసాలాలు ఆడేచోట దీనికి విరుగుడుగా మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గింజల్ని చల్లబరిచి ఆడించే పద్ధతి వచ్చింది. చలికి గింజ పెళుసుబారి ఇట్టే పొడవుతుంది, నూనె కదలదు. ఖర్చు ఎక్కువ గనక అన్ని పొడులూ అలా తయారు కావు. ఇంట్లో మిక్సీ ఆపకుండా తిప్పితే గిన్నె వెచ్చబడటం చేతికే తెలుస్తుంది. ఆగి ఆగి, రెండు మూడు తిప్పులు తిప్పితే చాలు.

చిన్న రోలుకు ఇక్కడ ఒక అనుకోని సుగుణం ఉంది. అది సమానంగా దంచలేదు. నాలుగు దెబ్బలు వేశాక చూస్తే కొన్ని గింజలు రెండుగా విరిగి ఉంటాయి, కొన్ని రవ్వగా ఉంటాయి, అడుగున కాస్త మెత్తటి పొడి ఉంటుంది. మిరియాల కోడి వేపుడులో ఈ మూడూ మూడు సమయాల్లో పనిచేస్తాయి. పొడి ముక్కకు పట్టేస్తుంది. రవ్వ నూనెలో వేగి, పచ్చి వాసన పోయి కమ్మటి వాసన తెచ్చుకుంటుంది. విరిగిన సగాలు తినేటప్పుడు పళ్ళకింద పడి అప్పటికప్పుడు తాజా వాసన వదులుతాయి. ప్యాకెట్ పొడి ఎంత మంచిదైనా ఈ మూడంచెల పని చెయ్యలేదు, దాని నలుసులన్నీ ఒక్కటే కొలత. ఆంజనేయస్వామికి వేసే వడమాల వడల్లో కచ్చాపచ్చా మిరియమే వెయ్యడం చూడండి. మెత్తటి పొడి వేస్తే పిండంతా మట్టిరంగుకు తిరుగుతుంది, ఘాటు అంతటా ఒకేలా పరుచుకుని కాసేపటికి నాలుకకు అలవాటైపోతుంది.

మరి గింజను గింజగానే ఎప్పుడు వెయ్యాలి? చాలాసేపు ఉడికేవాటిలో. బిర్యానీ నీళ్ళలో, ఎముకల సూపులో పడిన గింజ మెల్లగా నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, తోలు మెత్తబడుతుంది, నూనెలు కొంచెం కొంచెంగా బయటికి వస్తాయి. గంట తరవాత కూడా లోపల కొంత మిగిలే ఉంటుంది. కట్టెపొంగలిలో మొత్తం గింజలు నేతిలో వేగి, అన్నం, పెసరపప్పుల మధ్య దాక్కుంటాయి. చుట్టూ ఉన్నది చప్పగా, మెత్తగా ఉంటుంది గనక నాలుగైదు ముద్దలకు ఒకటి పళ్ళకింద పడితే బాగుంటుంది. కొందరు ఏరి పక్కన పెడతారు. వాళ్ళ కోసం దంచి వెయ్యడం మంచిది, విస్తరి అంచున పోగుపడిన గింజల్లో సగం ఘాటు ఇంకా ఉంటుంది.

నూనెలో గింజలు వెయ్యడంలో ఒక చిక్కుంది. ఎండిన గింజలో కూడా నూటికి పదీ పన్నెండు పాళ్ళ తేమ ఉంటుంది. బాగా కాగిన నూనెలో పడగానే ఆ తేమ ఆవిరై, గట్టి తోలు లోపల ఇరుక్కుంటుంది, గింజ ఒక్కసారిగా పగులుతుంది. గింజతో పాటు కాగిన నూనె కూడా ఎగురుతుంది. “అమ్మాయ్, నూనె కాగకముందే మిరియాలు వేసెయ్యి, లేకపోతే మొహం మీదికి ఎగురుతాయి” అని అత్తగారు కోడలికి చెప్పేది అనుభవంతో. నూనెతో పాటే నెమ్మదిగా వేడెక్కితే తేమ బయటపడటానికి సమయం దొరుకుతుంది. లేదంటే పొత్రంతో ఒక్క దెబ్బ వేసి, తోలు చిట్లించి వేస్తే చాలు.

పొడిని నేను తిడుతున్నానని అనుకోవద్దు. అప్పటికప్పుడు ఆడిన మెత్తటి పొడికి దాని చోటు దానికుంది. పైన చల్లే వాటన్నిటికీ అదే కావాలి. ఉడికిన గుడ్డు, జామకాయ ముక్క, కీరా, దించిన సూపు. అక్కడ ఉడికే సమయం లేదు, నాలుక మీద పడగానే అంతా తెలియాలి. కారప్పూసలో కూడా జల్లెడ పట్టిన పొడే వెయ్యాలి, రవ్వ వేస్తే గొట్టం చిల్లులు పూడుకుపోతాయి.

కొనేటప్పుడు మాత్రం గింజకే నా ఓటు. గింజను చూడొచ్చు, పొడిని నమ్మాలి. మిరియాల్లో ఎండిన బొప్పాయి గింజలు కలపడం పాత మోసం. అవి కోలగా, కాస్త ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులో ఉంటాయి, కొరికితే మిరియపు ఘాటు ఉండదు. నీళ్ళలో వేస్తే తేలతాయి, గట్టి మిరియం మునుగుతుంది. తేలిందల్లా బొప్పాయి గింజే అనుకుంటే కొట్టువాడికి అన్యాయం చేసినట్టే, సరిగా గింజ కట్టని తాలు మిరియం కూడా తేలుతుంది. అది కల్తీ కాదు గానీ అందులో సరుకు లేదు. మిరియాలకు గిడ్డంగుల్లో పరిమాణాన్ని బట్టి, లీటరు కొలతకు తూగే బరువును బట్టి ధర కడతారు. తలశ్శేరి పేరు మీద అమ్మే పెద్ద గింజ రకాలు 4.25 మిల్లీమీటర్ల జల్లెడలోంచి జారకూడదు. ఇవన్నీ గింజకు పెట్టగలిగే పరీక్షలు. పొడయ్యాక తాలు, కాడ, దుమ్ము అన్నీ ఒకే రంగు.

పసుపు పాలల్లో మిరియం వేస్తే పసుపు ఇరవై రెట్లు ఒంటికి పడుతుందనే మాట ఇప్పుడు ఇంటింటా వినబడుతోంది. దీనికి ఆధారం 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్ళు చేసిన పరిశోధన. అందులో మనుషులకు ఇచ్చింది 2 గ్రాముల కర్కుమిన్, 20 మిల్లీగ్రాముల పైపరిన్. పైపరిన్ లెక్క తేలికే, ఏడెనిమిది గింజల్లో వస్తుంది. కర్కుమిన్ మాత్రం పసుపులో నూటికి మూడు పాళ్ళ దగ్గర ఉంటుంది, కాబట్టి 2 గ్రాములు కావాలంటే సుమారు అరవై ఏడు గ్రాముల పసుపు మింగాలి. ఆ పాలు ఎవరు తాగుతారు? చిటికెడు పసుపు, నాలుగు మిరియాలు వేసుకున్న పాలు దగ్గు రాత్రి గొంతుకు హాయిగా ఉంటాయి, అంతకుమించి ఈ అంకెల్ని దాని మీద మొయ్యడం అనవసరం. పైపరిన్ గురించి గట్టిగా పట్టుకోవలసిన సంగతి ఇంకొకటి. కాలేయం, పేగులు మందుల్ని విరగ్గొట్టే పనిని పైపరిన్ నెమ్మదింపజేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ లాంటి మందులు రక్తంలో మామూలు కంటే ఎక్కువగా నిలిచేలా చేస్తుంది. చారులో పడే మిరియానికి భయపడనక్కర్లేదు. పైపరిన్ గుళికలు కొనుక్కుని రోజూ మింగేవాళ్ళు మాత్రం డాక్టరుకు ఆ మాట చెప్పి తీరాలి.

మిరియపు వాసన గురించి ఆశ్చర్యమైన సంగతి ఒకటి ద్రాక్షసారా తయారీ వైపు నుంచి బయటపడింది. ఆస్ట్రేలియాలో పండే షిరాజ్ రకం ద్రాక్షసారాకు మిరియాల వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కడి పరిశోధకులు ఏళ్ళ తరబడి వెతికి, 2008లో రోటండోన్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. మిరియాల్లో వెతికితే అక్కడ అది ఇంకా దండిగా కనిపించింది. గింజలో దాని పాలు చాలా తక్కువే, కానీ లీటరుకు గ్రాములో కోట్ల వంతుల్లో ఉన్నా ముక్కు పసిగట్టేస్తుంది. అయితే వాసన చూసినవాళ్ళలో దాదాపు అయిదో వంతు మందికి పరీక్షలో వాడిన అత్యధిక మోతాదులో కూడా అది తెలియలేదు. ముక్కు బాగున్నవాళ్ళే, మిగతా వాసనలన్నీ తెలిసినవాళ్ళే. ఒకే గిన్నెలోది పోయించుకుని, మిరియం సరిపోలేదని ఒకరూ, ఎక్కువైందని ఇంకొకరూ అనే ఇళ్ళలో ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు.